కావలివారికి కావలి

చెఱువుకట్ట తెగుటకు పూర్వము ఎక్కడనో ఊట పుట్టును. దానిని మొదట చూడవలసినవాడు నీరటికాడు. పోలీసుశాఖలోను ఇట్టి యూటలుండునని లెక్కలతో తెలియజేసినది అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరము. 1991 మార్చి 3వ తేదీ తెల్లవారకముందు రోడ్నీ కింగ్ అను నల్లజాతివానిని పోలీసులు నేలబడవైచి లాఠీలతో మోదుచుండగా, దాపున నివసించునొకడు వీడియో చిత్రము తీసెను. లాఠీ రుచి యెఱిగిన మన దేశమువారికి ఆ దృశ్యము క్రొత్తది కాదు. క్రొత్తది తరువాత జరిగిన లెక్క.

వారెన్ క్రిస్టఫర్ అధ్యక్షతను ఏర్పడిన విచారణసంఘము ఆ శాఖ దస్తరములను తెఱపించినది. 1986 మొదలు 1990 వరకు మితిమీరిన బలప్రయోగము చేసిరను నింద సుమారు 1,800 మందిపై వచ్చియుండెను. వారిలో 1,400 మందికి పైగా ఒకటి రెండు ఫిర్యాదులు మాత్రమే. కాని 44 మందిపై ఆఱేసి, అంతకు మించియు ఫిర్యాదులుండెను. ఆ 44 మందిని గూర్చి పైయధికారులు వ్రాసిన యోగ్యతా నివేదికలను చూడగా అన్నియు ప్రశంసలే! ఆ పేరులు పాతాళమున దాగినవి కావు. ఆ కచేరీ బీరువాలలోనే యుండెను.

బీరువాలోని కాగితమును వేళకు బయటికి తీయుటకై పుట్టినదే ముందుహెచ్చరిక పద్ధతి. అమెరికా పౌరహక్కుల సంఘము 1981లోనే దీనిని సిఫారసు చేసెను. 1994 నాటి శాసనముచే కేంద్ర న్యాయశాఖ తప్పుదారి పట్టిన పోలీసుశాఖలపై వ్యాజ్యము తెచ్చు నధికారము పొందినది. ఆ బలముననే 1997లో పిట్స్‌బర్గు, 2001లో లాస్ ఏంజెలిస్ ఈ పద్ధతికి కట్టుబడవలసి వచ్చెను. ఒక్కొక్క యుద్యోగిపై వచ్చిన ఫిర్యాదులు, అతడు బలము ప్రయోగించిన సందర్భములు, వాహన ప్రమాదములు, అతనిపై నడచు వ్యాజ్యములు కంప్యూటరులో చేరును. మేర దాటినంతనే సాఫ్టువేరు అతని పైయధికారికి సూచన పంపును. పైయధికారి పిలిచి మాటలాడవలెను. శిక్షణ కావలసిన నిప్పింపవలెను. మనసు చెదరినవానికి వైద్యము చేయింపవలెను. ఇది దండనము కాదు.

మేర యెక్కడ గీయవలెనన్నదే చిక్కు. రాత్రివేళ రౌడీల పేటలో తిరుగువానికిని, కచేరీలో కుర్చీ వదలనివానికిని ఒకటే మేర పెట్టినచో పనిచేయువాడే పట్టుబడును. అందుచే లాస్ ఏంజెలిస్ వారు ఒకేవిధమగు పని చేయువారితోనే యొక్కొక్కని పోల్చు నేర్పాటు చేసిరి. షికాగోలో 1994లోనే యంత్రముచేత జోస్యము చెప్పింపజూచిరి. చేయని తప్పునకు ముందే ముద్ర వేయుటయేమని భటుల సంఘము అడ్డుపడగా రెండేండ్లకు దానిని విడిచిపెట్టిరి. ఆ సంఘమువారి మాటలో కొంత న్యాయము లేకపోలేదు. అయినను, సామాన్య పౌరునిపై అనుమానపు పట్టికలు సిద్ధముచేయు శాఖకు తనపై పట్టిక యనగానే ధర్మసూక్ష్మము జ్ఞప్తికి వచ్చుట మాకు వింతగ తోచుచున్నది.

2015 ప్రాంతమున షార్లెట్ నగరపు పోలీసులతో కలసి షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన పని యింతకంటె మేలైనది. గీచిన మేరను నమ్ముకొనక, గతమంతయు చదివి యెవరికి అపాయము దాపురించుచున్నదో యంత్రమే తెలిసికొనునట్లు చేసిరి. అందు తేలిన విషయమొకటి మమ్ము ఆలోచింపజేసినది. ఆత్మహత్యల కడకును, పిల్లలున్న యిండ్లలోని కొట్లాటల కడకును మాటిమాటికి పంపబడినవాడు తరువాత తప్పు చేయు సంభావ్యత హెచ్చు. అనగా తప్పునకు విత్తనము భటుని గుణముననే కాక, అతని కప్పగించిన పనియందును గలదు. ఒకే దినమున అట్టి పిలుపులు మూడు ఒకనికే వేయు పైయధికారికి ఆ తప్పులో పాలు లేదా?

ఇక మినియాపొలిస్ కథ వినుడు. హెచ్చరిక పొందిన భటులపై ఫిర్యాదులు ఆ నగరమున ఏడాదిలో సగటున నూటికి 67 తగ్గినవని 2001లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్ ప్రకటించెను. ఆ యేటనే డెరెక్ షావిన్ ఆ శాఖలో చేరెను. తరువాతి యేండ్లలో అతనిపై 17కు తక్కువ గాని ఫిర్యాదులు వచ్చెను. చాలవఱకు శిక్ష లేకయే మూతపడెను. అంతేకాదు, క్రొత్తవారికి పని నేర్పు నధికారిగా అతనిని నియమించిరి! 2020 మే 25న జార్జి ఫ్లాయిడ్ మెడపై తొమ్మిది నిమిషములకు పైగా మోకాలుంచి ప్రాణము తీసినవాడు అతడే. ఊట అందఱకు కనబడుచునే యుండెను.

మనకును ఇది పరాయి సంగతి కాదు. చెన్నరాజధానిలో, తెలుగు జిల్లాలతోకూడ, రైతులను పెట్టిన చిత్రహింసలపై 1855లో విచారణసంఘము నివేదిక యిచ్చినది. పన్ను వసూలు చేయు చేతికే పోలీసు అధికారముండుటను అది తప్పుపట్టెను. 1859లో ప్రత్యేక పోలీసు చట్టము వచ్చెను. స్వతంత్ర భారతమున సుప్రీముకోర్టు 2006లో రాష్ట్రమునకును జిల్లాకును పోలీసు ఫిర్యాదుల మండలులుండవలెననెను. 2020లో ప్రతి ఠాణాలోను కెమెరాలుంచవలెననెను. 2022లో హైదరాబాదు బంజారాహిల్సున ఆకాశమంటు కమాండు కంట్రోలు భవనము లేచినది. పౌరుల కదలికలను వేలకొలది కెమెరాలతో చూచుటకు మనకు యంత్రములు దొరకినవి. ఫిర్యాదు తెచ్చినవానిని ఠాణా గుమ్మముననే త్రిప్పిపంపినచో మాత్రము ఏ యంత్రమునకును ఆ లెక్క చేరదు.

కావున మన రెండు శాసనసభల సభ్యులు వచ్చు సమావేశమున ఈ ప్రశ్న వేయవలెనని కోరుచున్నాము: గడచిన అయిదేండ్లలో ఒక్కొక్క ఠాణా యుద్యోగులపై వచ్చిన ఫిర్యాదులెన్ని? ఒకే వ్యక్తిపై మూడవ ఫిర్యాదు వచ్చిన దినమున, దానిని చదువవలసిన యధికారి యెవరు?