ఇరుసు సీలు కారితే బ్రేకు ఎందుకు పట్టదు?

హైదరాబాదుకు తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలలో చిన్న పికప్ బండ్ల రాకపోకలు ఎక్కువ. సరుకు నింపుకొని ఉప్పల్ చౌరస్తా దాటి, 163వ నంబరు జాతీయ రహదారి మీద ఘట్‌కేసర్, భువనగిరి, వరంగల్లు వైపు పోయేవి వీటిలో ఎన్నో ఉన్నవి. ఇట్టి బండి వెనుక చక్రం లోపలి వైపున నల్లని తడి కనిపిస్తే, ఆయిలు కొంచెమే కదా అని ఉపేక్షించేవారు కలరు. కాని ఆ తడికీ బ్రేకుకూ దగ్గర సంబంధం ఉన్నది.

బ్రేకు చేసే పని

సరుకుతో కలిపి 3,000 కిలోగ్రాముల బరువుగల బండి గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అనగా సెకనుకు 15 మీటర్ల వేగంతో పోతున్నదనుకొందాం. దాని గతిజశక్తి 3,37,500 జౌళ్ళు. గది ఉష్ణోగ్రత వద్దనున్న ఒక లీటరు నీటిని మరిగే స్థితికి తేవడానికి ఈ శక్తి చాలుతుంది. బ్రేకు వేసి బండిని ఆపితే ఇందులో అధికభాగం బ్రేకులలోనే ఉష్ణంగా మారవలె. దీనిని చేసేది ఘర్షణ.

ఇట్టి బండ్ల వెనుక చక్రాలకు సాధారణంగా డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. పెడలు తొక్కగానే బ్రేకు ఆయిలు పీడనం వీలు సిలిండరులోని పిస్టన్లను నెడుతుంది. అవి రెండు షూలను తిరుగుతున్న డ్రమ్ము లోపలి గోడకు అదుముతాయి. షూలపైనున్న లైనింగుకూ డ్రమ్ముకూ నడుమ నూనె చేరితే ఘర్షణ తగ్గుతుంది. ఒక చక్రంలోనే నూనె చేరితే రెండు వైపులా బ్రేకు సమంగా పట్టదు. బండి పక్కకు లాగుతుంది.

నూనె ఎట్లు వస్తుంది?

వెనుక ఇరుసు గొట్టం నడుమ క్రౌను, పినియను అనే పళ్లచక్రాలు గేరు ఆయిలులో మునిగి తిరుగుతాయి. ఆ నూనె చక్రం వరకు రాకుండా ఇరుసు కొసన రబ్బరు సీలు అడ్డుపడుతుంది. సీలు పలుచని పెదవిని ఒక సన్నని స్ప్రింగు చుట్టు ఇరుసుకు అదిమి ఉంచుతుంది. రబ్బరు వేడికి గట్టిపడినా, పెదవి ఆనేచోట ఇరుసు అరిగి గాడి పడినా, బేరింగు వదులై ఇరుసు ఊగినా నూనె బయటకు వస్తుంది.

తరచుగా మరచిపోయే కారణం మరొకటి ఉన్నది. ఇరుసు గొట్టంపై గాలి వచ్చిపోయేందుకు బ్రీదరు అనే చిన్న మూత ఉంటుంది. దుమ్ము, బురద చేరి అది మూసుకొనిపోయినదనుకొందాం. లోపలి గాలి 27 డిగ్రీల సెల్సియస్ నుండి 87 డిగ్రీలకు వేడెక్కితే, కెల్విన్ మానంలో 300 నుండి 360కి పెరిగినట్లు. గాలికి దారి లేదు కనుక పీడనం అయిదవ వంతు పెరిగి నూనెను సీలు మీదికి నెడుతుంది. వేడి ఇరుసు వాన నీటిలో హఠాత్తుగా చల్లబడితే దీనికి విపరీతం జరుగుతుంది. సీలు గుండా నీరు లోనికి పోయి నూనె పాలరంగుకు మారవచ్చు. బ్రీదరును శుభ్రపరచక సీలు మాత్రమే మారిస్తే, కొత్త సీలు కూడా కారవచ్చు. నూనె మట్టం మించి పోసినా ఇదే ఫలితం.

కారేది ఏ ఆయిలు?

డ్రమ్ములో తడి ఉన్నంత మాత్రాన తప్పు ఇరుసు సీలుదే అనుకొనరాదు. వీలు సిలిండరు కూడా కారవచ్చు. గేరు ఆయిలు చిక్కగా ఉండి గంధకం వాసన కొడుతుంది, నీటిపై తేలుతుంది. సాధారణ బ్రేకు ఆయిలు పలుచగా ఉండి నీటిలో కలిసిపోతుంది.

మరమ్మతు

ముందు చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, ఇరుసును గట్టి స్టాండ్లపై నిలపవలె. జాకీ మీద మాత్రమే ఉంచి పనిచేయరాదు. డ్రమ్ము తీసిన తరువాత దుమ్మును గాలితో ఊదకూడదు. పాత లైనింగులలో రాతినార ఉండవచ్చు. అది ఊపిరితిత్తులకు హానికరం. తడిగుడ్డతో తుడవడం మంచిది.

ఇరుసును వెలికి తీసినప్పుడు బేరింగు ఊగులాటను, సీలు ఆనే చోటును పరీక్షించవలె. గోరుకు తగిలే గాడి ఉంటే కొత్త సీలు ఒక్కటే నిలువదు. కొత్త సీలు పెదవికి నూనె రాసి, స్ప్రింగు వైపు లోనికి ఉండేటట్లు, వంకర లేకుండా సమంగా దించవలె. నూనెను సమతలంపై, కంపెనీ పుస్తకంలో చెప్పిన మట్టం వరకే నింపవలె.

నూనె పీల్చిన లైనింగును కడిగినా, కాల్చినా లాభం లేదు. దాని సన్నని రంధ్రాలలో మిగిలిన నూనె బ్రేకు వేడికి మరల పైకి ఊరుతుంది. అందువలన రెండు వెనుక చక్రాల షూలనూ ఒకేసారి మార్చడం అవసరం. బ్రేకు భాగాలను పెట్రోలుతో, కిరసనాయిలుతో కడగరాదు. నిప్పు భయం అటుంచి, వీలు సిలిండరులోని రబ్బరు వీటి వలన ఉబ్బి చెడుతుంది. ఇరుసు సీలు రబ్బరు నూనెకు తట్టుకొనేది, సిలిండరు రబ్బరు తట్టుకొనలేనిది. రెండూ ఒకటి కావు.

పని ముగిసిన తరువాత ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి బ్రేకు పరీక్షించి, కొన్ని దినాలకు చక్రం లోపలి వైపు మరల చూడవలె. అక్కడ తడి లేకుంటేనే కారణం దొరికినట్లు.