లువాంగ్వా లోయ - వన్యప్రాణులు, వాటి పొరుగువారు

ఆఫ్రికా ఖండమనగానే మీ మనస్సులో మెదిలేదేమిటని మేము ఒకనాడు తరగతిలో ప్రశ్నించాము. విద్యార్థులు తడుముకోకుండా సింహమనీ, ఏనుగనీ, కారడవి అనీ చెప్పారు. ఆ అడవి అంచున కాపురముండే రైతును మాత్రం ఎవరూ పేర్కొనలేదు. ఇది విద్యార్థుల దోషం కాదు. చలనచిత్రాలలో గాని, యాత్రికులను ఆహ్వానించే రంగుల ప్రకటనలలో గాని ఆ రైతు కనిపించడు. కాని అతని సమ్మతి లేనిదే అక్కడి సింహమైనా, ఏనుగైనా పదికాలాలపాటు మనజాలదు. ఈ సత్యాన్ని జాంబియా దేశంలోని లువాంగ్వా లోయ స్పష్టంగా బోధిస్తుంది. కావున ఆ లోయను గురించి కొంత వివరించాలని మా సంకల్పం.

లోయ, నది, ఋతువులు

జాంబియా సముద్రతీరం లేని దేశం. పూర్వం ఉత్తర రొడీషియా అనే పేరుతో ఆంగ్లేయుల ఏలుబడిలో ఉండి, 1964లో స్వాతంత్ర్యం పొందింది. ఆ దేశపు ఈశాన్య భాగంలోని కొండలలో పుట్టి, నైరుతి దిశగా ప్రవహించి, జాంబేజీ మహానదిలో సంగమించేదే లువాంగ్వా నది. వరద వచ్చినప్పుడెల్లా ఇది గట్లను కోసి దారి మార్చుకుంటుంది. విడిచిన పాత దారులు కొడవలి ఆకారపు మడుగులై మిగులుతాయి. ఈ మడుగులే ఆ లోయకు ప్రాణాధారాలు. నదిని ఆనుకొని 9,050 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో దక్షిణ లువాంగ్వా జాతీయవనం ఉన్నది. 1938లో రక్షిత ప్రాంతంగా ప్రకటింపబడిన ఈ అరణ్యం 1972లో జాతీయవనమైంది.

నవంబరు నుండి ఏప్రిల్ వరకు అక్కడ వానకాలం. ఆ తరువాత అక్టోబరు దాకా వానలు దాదాపు ఉండవు. మడుగులు ఒక్కొక్కటే ఎండిపోగా జంతువులన్నీ నదిని చేరుకుంటాయి. యాత్రికులు ఎండకాలంలోనే అక్కడికి ఎక్కువగా వెళ్ళడానికి కారణమిదే. తగ్గిన నీటిలో నీటిగుర్రాలు ఒకదానినొకటి ఒరుసుకొంటూ పడి ఉంటాయి; చీకటి పడిన పిదప గట్టెక్కి గడ్డి మేస్తాయి. థార్నీక్రాఫ్ట్ జిరాఫీ అనే రకం ప్రపంచంలో ఈ లోయలో తప్ప మరెక్కడా సహజంగా జీవించడం లేదు. ఎండలు ముదిరే వేళకు తేనెటీగలను పట్టి తినే ఎర్రని పక్షులు గుంపులుగా వచ్చి, నదిగట్టు మట్టిలో బొరియలు తొలిచి గూళ్ళు పెట్టుకుంటాయి. చిరుతపులులకు ఈ వనం ప్రసిద్ధం.

కాలినడక విద్య

ఈ లోయకు గల మరొక ప్రత్యేకత కాలినడకన సాగే వనయాత్ర. యాత్రికులు కొద్దిమంది చొప్పున, తుపాకి పట్టిన వనరక్షకుడు ముందుండగా, మార్గదర్శకుని వెంట వరుసగా నడుస్తారు. మాటలు ఉండవు. గాలి ఎటు వీస్తున్నదో మొదట గమనిస్తారు. మనిషి వాసన సోకితే మృగం బెదరవచ్చు, లేదా తిరగబడవచ్చు. ఏనుగు ముందుకాలి అడుగు చుట్టుకొలతను రెట్టింపు చేస్తే దాని భుజం ఎత్తు ఇంచుమించుగా తెలుస్తుంది. పొదలోనుండి కొన్ని పక్షులు అరుస్తూ లేచినచో అక్కడ అడవిదున్న ఉండవచ్చునని జాగ్రత్తపడతారు. వాహనంలో కూర్చున్నవాడు అడవిని చూస్తాడు, నడిచినవాడు నేర్చుకుంటాడు.

ఒక ఒడంబడిక

ఈ వనయాత్రలకు ఆద్యుడు నార్మన్ కార్. ఇతడు మొదట ఏనుగులను వేటాడినవాడు, అనంతరం వాటి రక్షకుడైనాడు. 1950లో ఇతడు కుండా తెగకు చెందిన న్సెఫు నాయకుని కలిసి ఒక ప్రతిపాదన చేశాడు. తెగవారి భూమిలో కొంత భాగాన్ని మృగాలకు విడిచిపెట్టాలి. చూడవచ్చినవారు చెల్లించే రుసుము తెగకే చెందాలి. నాయకుడు అంగీకరించాడు. కొన్ని గుడిసెలతో యాత్రికుల విడిది వెలిసింది. వన్యప్రాణి ప్రభుత్వపు సొత్తు, దానిని తాకిన గ్రామస్థుడు నేరస్థుడు అని భావించే ఆ రోజులలో ఇది అసాధారణమైన ఆలోచన.

ఆ ఆలోచనను అందరూ, అన్నివేళలా పాటించి ఉంటే ఎంత బాగుండేది! 1970, 1980 దశకాలలో దంతాలకోసం, కొమ్ములకోసం దొంగవేట విజృంభించింది. 1998 నాటికి జాంబియాలో నల్ల ఖడ్గమృగం నశించినట్లు ప్రకటించవలసి వచ్చింది. 2003 నుండి ఉత్తర లువాంగ్వాలో వాటిని ఇతర ప్రాంతాలనుండి తెచ్చి తిరిగి నెలకొల్పారు. దంతాలున్న ఏనుగులనే ఏరి చంపినందువల్ల, 1969లో ఆడ ఏనుగులలో సుమారు పది శాతంగా ఉన్న దంతహీనుల సంఖ్య 1989 నాటికి 38 శాతానికి పెరిగింది. మనుష్యుని దురాశ ఒక జంతుజాతి రూపురేఖలనే మార్చగలదనడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి?

చేను గట్టున

మ్ఫువే గ్రామ ప్రాంతంలోని ఒక విడిదిలో ఏటా ఏనుగులు అతిథులు కూర్చునే మందిరం గుండానే నడిచి, ఆవల ఉన్న అడవిమామిడి చెట్టు పండ్లు తినిపోతాయి. యాత్రికులు ఆనందంతో ఛాయాచిత్రాలు తీసుకుంటారు. అదే ఏనుగు అర్ధరాత్రి మొక్కజొన్న చేనిలో ప్రవేశించినప్పుడు ఆ రైతు ఆనందించగలడా? అక్కడి ప్రజలు మన సంకటి వంటి న్షిమాను మొక్కజొన్న పిండితోనే వండుకుంటారు. చేను పోతే ఏడాది తిండి పోయినట్లే. ఒక్కొక్కసారి ప్రాణమే పోతుంది. అందుచేత గ్రామస్థులు మిరపకాయల పొడిని ఏనుగు పేడలో కలిపి, ఇటుకలుగా ఎండబెట్టి, చేను చుట్టూ రాజబెడతారు. ఆ ఘాటుకు ఏనుగులు వెనుదిరుగుతాయి. మిరప ఘాటు ఎరిగిన తెలుగువారికి ఇందులోని యుక్తిని వేరుగా వివరించనక్కరలేదు.

2003లో ఈ లోయలో ఆరంభమైన కొమాకో అనే సంస్థ మరొక మార్గం చూపింది. వేట మానిన రైతుల నుండి వేరుశనగ, వరి, తేనె మంచి ధరకు కొంటుంది. తుపాకులను, ఉచ్చులను అప్పగించి సేద్యానికి మళ్ళినవారు పెక్కుమంది. అయినను ఒక హెచ్చరిక అవసరం. 2020లో మహమ్మారి వల్ల విదేశీ యాత్రికులు రాక విడుదులు మూతపడ్డాయి. 2024లో తీవ్రమైన కరువును జాంబియా జాతీయ విపత్తుగా ప్రకటించింది. యాత్రికుని సొమ్ము ఒక్కటే ఆధారమైతే అది ఎప్పుడైనా తెగిపోవచ్చు. చేను, చెలక, అడవి మూడూ కలిసి రైతును పోషించాలి.

ఇదంతా దూరదేశపు ముచ్చట అనుకోరాదు. మన చిత్తూరు జిల్లాలో పలమనేరు, కుప్పం ప్రాంతాల రైతులు కూడా ఏనుగులకు భయపడి రాత్రులు చేలలో కాపలా ఉంటున్నారు. వారిని అడవికి శత్రువులుగా చూడడం సులభం. ఆ నాయకుడు న్సెఫుతో మాట్లాడినట్లు వారితో మాట్లాడడం కష్టం. కష్టమైన ఆ పనికి మన విద్యార్థులలో కొందరైనా పూనుకొంటారని మేము ఆశిస్తున్నాము.