దారిలో వెలసిన కాలనేమి ఆశ్రమం

లక్ష్మణస్వామి మూర్ఛిల్లి ఉన్నాడు. ఓషధుల కోసం హనుమంతుడు ఆకాశమార్గాన సాగిపోతున్నాడు. దారిలో ఒక రమణీయమైన ఆశ్రమం కనిపించింది. ఫలవృక్షాలు, శిష్యగణం, శివపూజలో నిమగ్నుడైన ఒక ముని. దాహంతో దిగిన హనుమను ఆ ముని ఎంతో ఆప్యాయంగా ఆదరించాడు. విశ్రమించమన్నాడు, మంత్రోపదేశం చేస్తానన్నాడు. ఆ ముని రావణుడు పంపిన కాలనేమి. ఆ ఆశ్రమం అతని మాయ. అధ్యాత్మ రామాయణంలోని ఈ ఘట్టం పెద్దల నోట మీరు వినే ఉంటారు.

ఇందులో గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. బుద్ధిమంతులలో వరిష్ఠుడైన ఆంజనేయుడికే మొదట ఆ వేషం తెలియలేదు. సరస్సులో మొసలి రూపం నుంచి శాపవిముక్తి పొందిన అప్సరస చెబితే తెలిసింది. ఆమె మాటను గురునింద అని ఆయన తోసిపుచ్చలేదు. విన్నాడు, గ్రహించాడు. ఉపదేశానికి సిద్ధంగా కూర్చున్న కపటమునికి పిడిగుద్దునే గురుదక్షిణగా సమర్పించి తన కార్యం మీద సాగిపోయాడు.

మోసపోవడం పాపం కాదు. హెచ్చరించే మాట చెవిన పడని స్థితికి చేరుకోవడమే అసలైన ప్రమాదం. కపటగురువుల సాధన అంతా మనల్ని ఆ స్థితికి చేర్చడానికే.

వల పన్నే విధానం

ఎవరూ మోసపోదామని ఆశ్రమ ద్వారం తొక్కరు. ఇంట్లో ఆత్మీయులు గతించినప్పుడో, వ్యాధి తగ్గనప్పుడో, అమ్మాయికి సంబంధం కుదరనప్పుడో ఊరట కోసం వెళతారు. తొలినాళ్లలో అక్కడ దొరికే ఆదరణ అపారం. పేరుపెట్టి పలకరిస్తారు, కష్టమంతా ఓపికగా వింటారు. "పూర్వజన్మ సుకృతం ఉంటేగాని ఇక్కడికి రాలేరు" అంటారు. ఆ మాట ఎవరికి చేదు?

తరువాత వారానికొక సత్సంగం రోజూ అవుతుంది. బంధువుల పెళ్లికి వెళ్లడం లౌకిక వ్యామోహమవుతుంది. కులదైవం, ఊరి గుడి 'కింది మెట్లు' అయిపోతాయి. ఆ పైన విరాళం, నగలు, పొలం కాగితం. ఫలితం కనబడితే స్వామివారి మహిమ, కనబడకపోతే మీ విశ్వాసలోపం. వైద్యుడిచ్చిన మందు మానేయమంటారు. చివరకు "విడిచి వెళితే వంశానికి అరిష్టం" అన్న మాట వినవస్తుంది.

ఇందులో ఏ మెట్టూ విడిగా చూస్తే తప్పనిపించదు. ఒకటి వైరాగ్యంలా ఉంటుంది, ఒకటి సేవలా, ఒకటి శరణాగతిలా. దొంగనాణెం చెలామణీ కావాలంటే దానిమీద అసలు నాణెం ముద్రే ఉండాలి కదా! కనుక తేడా తెలుసుకోవాలి. మోహం తనంతట తాను సన్నగిల్లితే అది వైరాగ్యం. కన్నతల్లితో మాట్లాడవద్దని మరొకరు శాసిస్తే అది నిర్బంధం. ఇచ్చి మరచిపోతే దానం; ఇవ్వకపోతే ఏమవుతుందోనని వణుకుతూ ఇస్తే అది కప్పం.

చదువుకున్నవారు ఇలాంటివాటిలో చిక్కుకోరనుకోవడం పొరపాటు. 1995 మార్చి 20న జపాన్ రాజధాని టోక్యోలో భూగర్భ రైళ్లలో విషవాయువు వదిలిన ఓం షిన్రిక్యో బృందంలో శాస్త్రం చదివిన యువకులతోపాటు ప్రాణాలు నిలపవలసిన ఒక వైద్యుడు కూడా ఉన్నాడు. గురువు ఆజ్ఞ ముందు వారి చదువు వారిని ఆపలేకపోయింది.

విన్న తల్లిదండ్రులు

మన దేశపు సంగతి చూడండి. 2002లో హర్యానాలోని సిర్సా డేరా నుంచి ఒక సాధ్వి, పేరు రాయకుండా, నాటి ప్రధానమంత్రి వాజ్‌పేయికి లేఖ రాసింది. ఆ సంస్థ అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్ సింగ్ తనపై అత్యాచారం చేశాడని మొరపెట్టుకుంది. అంతమంది భక్తుల నడుమ ఉండి కూడా, పేరు దాచుకుని ఢిల్లీకి ఉత్తరం రాయవలసి వచ్చిందంటే ఆ ఒంటరితనం ఎంతటిదో ఊహించండి. హైకోర్టు ఆదేశంతో సీబీఐ విచారణ జరిగి, 2017 ఆగస్టులో పంచకుల ప్రత్యేక న్యాయస్థానం అతనికి 20 సంవత్సరాల జైలుశిక్ష విధించింది. ఆ మొర తీర్పుగా మారడానికి 15 ఏళ్లు పట్టింది.

మరొక ఘటన 2013 నాటిది. ఆశారాం బాపు భక్తులైన దంపతులు, బిడ్డకు దుష్టగ్రహం పట్టిందని చెబితే నమ్మి, ఆయన దగ్గరకు తీసుకువెళ్లారు. తరువాత ఆ బాలిక జరిగిన ఘోరాన్ని చెప్పింది. ఏళ్ల తరబడి పూజించిన మూర్తి ఒకవైపు, కన్నబిడ్డ కన్నీరు ఒకవైపు. ఆ తల్లిదండ్రులు బిడ్డ మాట విన్నారు, ఫిర్యాదు చేశారు, బెదరక నిలబడ్డారు. 2018 ఏప్రిల్‌లో జోధ్‌పూర్ న్యాయస్థానం ఆశారాంకు జీవితఖైదు విధించింది. ఆనాడు వారు చేసింది గురుద్రోహం కాదు. అదే ధర్మం.

పెద్దలు చూపిన గీటురాళ్లు

సద్గురువును గుర్తించడమెలాగో మన పెద్దలు ఆచరించి చూపారు. నరేంద్రుడు శ్రీరామకృష్ణుల వైరాగ్యాన్ని పరీక్షించదలచి ఆయన పరుపు కింద రహస్యంగా రూపాయి పెట్టాడు. సంగతి తెలిసి పరమహంస కోపించలేదు, సంతోషించారు. మీరు ఆశ్రయించినవారిని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. జవాబుకు బదులు ఆగ్రహం వస్తే ఆ ఆగ్రహమే జవాబు.

బయట చెబితే నరకమే గతి అన్న కట్టడితో అందిన మంత్రాన్ని భగవద్రామానుజులు తిరుక్కోట్టియూరు ఆలయం పైనుంచి అందరికీ వినిపించారు. పదిమంది తరిస్తే తానొక్కడూ నరకానికి వెళ్లినా ఫరవాలేదన్నారు. "ఇంట్లో చెప్పవద్దు" అని ఎవరైనా అన్ననాడు ఆ గోపురాన్ని స్మరించండి.

భాగవతంలో అవధూత తనకు 24 మంది గురువులున్నారని యదుమహారాజుకు చెబుతాడు. భూమి, నీరు, తేనెటీగ కూడా వారిలో ఉన్నాయి. మరొకరి మాట వినడమే పాపమనేవారు ఆ సంప్రదాయానికి చెందినవారు కారు. ఇక గీతాచార్యుడు, సాక్షాత్తు భగవంతుడు, 18 అధ్యాయాల ఉపదేశం ముగింపులో అర్జునుడితో బాగా ఆలోచించుకుని నీకు తోచినట్లు చేయమన్నాడు. దేవుడే ఇచ్చిన స్వేచ్ఛను లాక్కునే అధికారం ఏ పీఠాధిపతికి ఉంది?

బయటికి వచ్చే దారి

విడిచి వెళ్లాలనుకునేవారిని ముందుగా కట్టిపడేసేది శాపభయం. బలిచక్రవర్తిని తలచుకోండి. దానం వద్దన్న శుక్రాచార్యుడి మాటను ఆయన సవినయంగా కాదన్నాడు. గురువు శపించాడు. అయినా భాగవతం బలిని గురుద్రోహి అనలేదు, భక్తాగ్రేసరుడిగా నిలిపింది. శ్రీహరి స్వయంగా అతని ద్వారం కాచాడు. ధర్మం కోసం తప్పుకున్నవాడిని ఏ శాపమూ దైవానికి దూరం చేయలేదు.

ఆచరణలో కొన్ని జాగ్రత్తలు అవసరం. వెళ్లిపోతున్నట్లు ముందుగా ప్రకటించకండి. పాసుపుస్తకం, సర్టిఫికెట్లు, ఆస్తి పత్రాలు మీ వద్దకు చేర్చుకోండి. కొత్తగా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఆ సంస్థతో సంబంధం లేని ఒక్కరికైనా సంగతంతా చెప్పండి. మానేసిన మందులుంటే వైద్యుణ్ణి కలవండి. బెదిరింపులో, అత్యాచారమో జరిగితే 112కు, మహిళలు 181కు, పిల్లల విషయంలో 1098కి ఫోన్ చేయవచ్చు. మనసు కుదురుకోక నలిగిపోతుంటే 2022లో మొదలైన టెలిమానస్ సేవ 14416 ఉచితంగా అందుబాటులో ఉంది.

బయటికి వచ్చాక కొంతకాలం వెలితి తప్పదు. భజన వేళకు మనసు అటే లాగుతుంది. వెంటనే మరో గురువును వెతుక్కోకండి. ఆ నామం, ఆ దైవం ఆ సంస్థ సొత్తు కాదు. మీ ఇంటి దీపం ముందు కూర్చుని స్మరిస్తే ఆ స్వామే పలుకుతాడు.

మీ ఇంటివారే చిక్కుకుని ఉంటే వారి గురువును దూషించకండి. దూషణ వారిని మరింత లోపలికి నెడుతుంది. ఫోన్ మానకండి. పండుగకు పిలవండి, వారికిష్టమైన వంట సంగతి, చిన్ననాటి ముచ్చట మాట్లాడండి. ఏనాడైనా గుమ్మంలోకి వచ్చి నిలబడితే "మేం ముందే చెప్పాం కదా" అన్న ఒక్క మాట మాత్రం అనకండి. ముందు కాళ్లకు నీళ్లివ్వండి, అన్నం పెట్టండి. వారు చెప్పినప్పుడు వినండి.

కాలనేమి ఆశ్రమం దాటాక హనుమ సిగ్గుతో వెనుదిరగలేదు. రామకార్యం ఇంకా మిగిలే ఉంది, ఓషధీపర్వతం ఎదురుచూస్తూనే ఉంది. దారిలో ఆగిపోయిన ప్రతి భక్తుడికీ అంతే.