పాత కారు పొగగొట్టము – కన్వర్టరు తొలగింపు
చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో పాత పెట్రోలు కార్లు నడుపు తెలుగువారు, బలము పెరుగునను ఆశతో పొగగొట్టములోని కెటలిటిక్ కన్వర్టరును ఊడదీయించుటకు ముందు దాని పని నెరుగవలెను. 1995 ఏప్రిలున మొదట నాలుగు మహానగరముల క్రొత్త పెట్రోలు కార్లకు విధింపబడిన ఈ సాధనము, ప్లాటినము మొదలగు లోహముల సాహాయ్యమున, ప్రాణాంతకమగు కార్బన్ మోనాక్సైడును బొగ్గుపులుసు గాలిగా మార్చును.

ఇది పూడిపోయినచో ఇంజను బలము తగ్గుట నిజమే. కాని పూడుటకు హేతువు తరచుగా స్పార్కు ప్లగ్గు లోపమో, ఇంజను ఆయిలు కాలుటయో యగును. సాధనమును తొలగించినను ఆ రోగ మట్లే యుండును. విషము వీధి పాలగును. బండి ప్రక్కన నడచు బడిపిల్లలు దానిని పీల్తురు. పరిమితికి మించిన పొగ విడుచు బండిని నడుపుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 190వ సెక్షను ననుసరించి నేరము. మూలదోషమును సవరించి, క్రొత్త కన్వర్టరు నమర్చుకొనుటయే శ్రేయము.