156 ఏళ్లకు నిజాం టౌన్‌హాల్లో కడప

నిజాం చేతిలోంచి కడప జారిపోయింది 1800లో. ఆ ఏడాది అక్టోబరు 12 నాటి ఒప్పందంతో బళ్లారి, అనంతపురం ప్రాంతాలతో పాటు కుంఫిణీ పరమైంది. సరిగ్గా 156 ఏళ్లకు కడప ఎమ్మెల్యేలు వెళ్లి కూర్చున్నది మళ్లీ నిజాం పేరిట లేచిన భవనంలోనే. అదే హైదరాబాద్ టౌన్‌హాలు, ఇప్పుడు మనం పాత అసెంబ్లీ అంటున్నది.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా నగరవాసులు తలపెట్టిన కట్టడమిది. 1905లో మొదలై 1913లో పూర్తయింది. అప్పటికి ఆయన కన్నుమూసి రెండేళ్లు. తెల్లటి గోడలు, కమానులు, పైన గుమ్మటాలు, వాటి చుట్టూ ఛత్రీలు. ఛత్రీ అంటే సన్నని స్తంభాల మీద నిలిపిన బుల్లి గుమ్మటం. ఎండకూ వానకూ అక్కరకు రాదు, భవనానికి దర్పం మాత్రం తెస్తుంది. మొగలాయి, రాజపుత్ర పోకడలను కొత్త తరం సర్కారీ హాళ్లకు అతికించే ఈ ఇండో సారసెనిక్ బాణీని మద్రాసులో వాస్తుశిల్పి చిషోమ్ 1879కే సెనేట్ హౌస్‌లో చూపించాడు. అంటే మద్రాసు ఏలుబడిలో ఉన్న కడపవాళ్లకు ఈ గుమ్మటాలు మరీ కొత్తవేం కావు.

ఇక్కడికి రావడానికి ముందు మజిలీ కర్నూలు. రాజధానా, హైకోర్టా అన్న ఎంపిక రాయలసీమదేనని 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో కోస్తా, సీమ నాయకులు రాసుకున్నారు. సంతకాలు చేసినవారిలో మన కోటిరెడ్డి ఒకరు; కడపలో కోటిరెడ్డి సర్కిల్ ఆయన పేరిటే. సీమ రాజధానిని కోరుకుంది. 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 వరకు ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలే రాజధాని, లెక్కేస్తే 1127 రోజులు. ఆఫీసులు కొన్ని గుడారాల్లోనే నడిచాయి. హైకోర్టు 1954లో గుంటూరుకు పోయింది. రాజధాని హైదరాబాదుకు పోయాక సీమకు రెండూ లేకుండా పోయాయి.

వేడుకల కోసం కట్టిన హాలుకు చట్టసభ పని తర్వాత తగులుకుంది. హైదరాబాద్ రాష్ట్ర శాసనసభలో 175 మంది. 1957 ఎన్నికలకల్లా ఆంధ్ర 196, తెలంగాణ 105 కలిసి 301. అంతమందికీ ఆ ఒక్క చోటే సర్దుబాటు. పక్కన కొత్త భవనం లేచేదాకా, అంటే 1980ల దాకా అలాగే గడిచింది.

2014లో రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ శాసనసభ బలం కూడా ఆ పాత హైదరాబాద్ సభ లెక్కే, 175. అందులో ఉమ్మడి కడప జిల్లా వాటా 10.