పెద్దపండక్కి చిక్కుడుకాయ ఎవరి కూర?

సంక్రాంతి పిండివంటల దగ్గర మన ఆడవాళ్ళకి పెద్దగా తగువులుండవు. అరిసె పాకం ముదిరిందనో, గారెల పిండి జారైందనో నవ్వుకుంటాం గానీ, ఏ ఇంట్లోనైనా అరిసె అరిసే, గారె గారే. తగువంతా విస్తరిలో ఓ పక్కన సర్దుకుని కూచునే చిక్కుడుకాయ కూర దగ్గర వస్తుంది. ఆవ పెట్టాలని ఒకరు, అల్లం పచ్చిమిర్చి చాలని ఇంకొకరు, వంకాయ కలపకపోతే అదేం కూరని మరొకరు. ఇక ఎండు రొయ్యల మాట ఎత్తారో, పండగ పూట ఇంట్లో మాటలు ఆగిపోయినా ఆశ్చర్యం లేదు!

కలిదిండి చుట్టుపక్కల ఊళ్ళలో ఈ తగువు మరీ ఎక్కువ. కారణం కోడళ్ళే. ఒకరు భీమవరం వైపు నుంచి, ఒకరు గుడివాడ నుంచి, ఇంకొకరు కొల్లేటి లంకల నుంచి వస్తారు. ఎవరి పుట్టింటి చేతివాటం వాళ్ళది. ఈ మండలం 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉంది, తర్వాత ఏలూరు జిల్లాలో కలిసింది. పొయ్యి దగ్గర మాత్రం ఎప్పట్నుంచో రెండు జిల్లాల మనిషే!

పండగకీ పాదుకీ పొత్తు

అసలు పెద్దపండక్కి చిక్కుడుకాయే ఎందుకు? శాస్త్రాల్లో వెతక్కండి, పెరట్లో చూడండి. నాటు చిక్కుడు పాదు వర్షాకాలంలో పెట్టినా, ఎంత ఏపుగా పందిరెక్కినా, పగటి పొద్దు తగ్గేదాకా పూత పట్టదు. రాత్రి పెరిగి పగలు తరిగితేనే దానికి పూత వేళ. అందుకే కార్తీకంలో పూత, ధనుర్మాసంలో కాత. పండగ నాటికి పందిరి నిండా గుత్తులు వేలాడుతుంటే ఇల్లాలు కొనడానికి ఇంకో కూర వెతుక్కుంటుందా? పక్కింటికి పంచిపెట్టగా మిగిలినవి కూడా గంపెడుండేవి.

ఇప్పుడు బజార్లో చిక్కుడుకాయ ఎండాకాలంలోనూ దొరుకుతోంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు అర్క జయ్, అర్క విజయ్ లాంటి పొట్టి రకాలు తెచ్చారు. వాటికి పగలూ రాత్రీ లెక్క లేదు, పందిరీ అక్కర్లేదు. రైతుకి లాభమే, కాదనను. కానీ నాటు చిక్కుడులో గింజ కాస్త ముదిరినప్పుడు వచ్చే కమ్మదనం వేరండీ. నా మాట నమ్మకపోతే రెండూ ఒకే రోజు విడివిడిగా వండి చూడండి.

కలిదిండి ప్రాంతంలో పాదు పెట్టడమే కష్టమైపోయింది. 1980ల నుంచి వరిచేలు చేపల చెరువులయ్యాయి. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక ఉప్పునీటి చెరువులు పెరిగాయి. 2006లో కొల్లేరు అభయారణ్యం లోపలి చెరువుల గట్లు కొట్టేశారు గానీ, బయటి ఊళ్ళ చెరువులు అలాగే ఉన్నాయి. ఇంటికి డబ్బొచ్చింది, డాబాలు లేచాయి. పెరట్లో నీళ్ళు మాత్రం ఉప్పెక్కాయి. చిక్కుడుజాతి మొక్క ఉప్పుని ఓర్చుకోదు. ఆకు అంచులు మాడిపోయి, పూత రాలిపోతుంది. అందుకని ఇప్పుడు చాలా ఇళ్ళలో పండగ చిక్కుడుకాయ కైకలూరు నుంచో గుడివాడ నుంచో సంచీలో రావలసిందే. కిలో ఇంత అని కొన్న కూర దగ్గర తగువు తగ్గాలి కదా? తగ్గలేదు!

ఉల్లిపాయ దగ్గర మొదలు

మొదటి పేచీ ఉల్లిపాయది. భోగి నాడు ఎవరూ ఏమీ అనరు. కనుమ సంగతి సరే సరి, ఆ రోజు కోడో చేపో ఉండనే ఉంటుంది. మధ్యలో సంక్రాంతి రోజే చిక్కు. ఆ రోజు పెద్దలకి బట్టలు పెట్టి, విస్తరి వేసే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. పెద్దలకి పెట్టే వంటలో ఉల్లీ వెల్లుల్లీ పనికిరావని కొందరి పట్టు. ఇంకా కొన్ని ఇళ్ళలో అసలు అలాంటి ఆంక్షే లేదు. పోయినవాళ్ళకి బతికుండగా ఏది ఇష్టమైతే అదే పెడతారు. చుట్ట కాల్చిన తాతగారికి చుట్ట, చేపల పులుసంటే ప్రాణం పెట్టిన మామ్మగారికి చేపల పులుసు.

రెండూ మన మధ్యనే ఉన్న ఆచారాలు. ఒకదాన్ని ఇంకొకటి తక్కువ చేసి చూడాల్సిన పని లేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఆ రెండు ఆచారాలూ ఒకే వంటింట్లో అత్తా కోడళ్ళుగా ఎదురుపడినప్పుడు.

మా ఇంట్లో సంగతే చెప్తాను. మా అత్తగారిది ఆవ పెట్టిన చిక్కుడుకాయ. సంక్రాంతి రోజు వంటింట్లో ఉల్లిపాయ బుట్ట కూడా కనపడకూడదు. మా చిన్న తోడికోడలి పుట్టిల్లు కొల్లేటి లంక. వాళ్ళింట్లో పండగ కూరంటే ఎండు రొయ్యలు వేసిన చిక్కుడుకాయే. వాళ్ళమ్మ పోయిన ఏడాది పండక్కి ఆ కూర వండుతానని అడిగింది. "పెద్దలకి పెట్టే రోజున నీచేంటే? కనుమ నాడు వండుకో, ఎవరొద్దన్నారు?" అన్నారు అత్తగారు. తప్పుగా ఏమీ అనలేదు, ఆవిడ పద్ధతి ఆవిడది. కానీ ఆ పిల్ల అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది. "కనుమ నాడు వండితే అది కూర అవుతుందండీ అత్తయ్యగారూ, మా అమ్మకి పెట్టినట్టు అవ్వదు."

ఆలోచించండి. మూడు రోజులు పొయ్యి ముందు నిలబడి ఇన్ని వంటలు చేసే ఇల్లాలు, ఆ రోజు విస్తరి వేసేది ఎవరికి? మామగారి తండ్రికి, అత్తగారి అత్తగారికి. ఆవిడ ముఖం కూడా చూడని మనుషులకి. తనని కని పెంచిన తల్లికి ఆ వరసలో చోటెక్కడ? అన్నదమ్ములు ఉంటే వాళ్ళింట్లో పెడతారులే అంటారు. అన్నదమ్ములు లేని ఆడపిల్ల మాటేమిటి? ఉన్నా, వదినగారు ఆ కూర వండుతుందని నమ్మకం ఏమిటి? ఆవిడకీ ఓ పుట్టిల్లు ఉంటుంది, ఆ ఇంటి చిక్కుడుకాయ వేరు!

అన్నట్టు, మహాలయ పక్షంలో వదిలే తర్పణాల్లో మగవాళ్ళు తమ తండ్రి వంశంతో ఆగరు. తల్లి పుట్టింటి వాళ్ళ పేర్లూ చెబుతారు, పిల్లనిచ్చిన మామగారి పేరు కూడా ఆ వరసలో వస్తుంది. పురోహితుల్ని అడిగి చూడండి. నీళ్ళు వదలడానికి చోటుంటే విస్తరి వేయడానికి చోటు ఉండదా? నా మటుకు నాకు, కోడలి తల్లిదండ్రుల ఫొటో కూడా ఆ రోజు పక్కన పెట్టుకోవడంలో ఏ దోషమూ కనపడదు.

మా ఇంట్లో తగువు పూర్తిగా తీరలేదు గానీ, ఓ దారికొచ్చింది. సంక్రాంతి సాయంత్రం, పెద్దల విస్తరి తీసేశాక, పెరట్లో వేరే పొయ్యి మీద తోడికోడలు ఆ కూర వండి, వాళ్ళమ్మ ఫొటో ముందు పెడుతుంది. అత్తగారు దాన్ని ముట్టరు. గుమ్మం దగ్గర నిలబడి "ఉప్పు సరిపోయిందా?" అని మాత్రం అడుగుతారు.

రెండు కూరలూ ఇవిగో

ముందు ఏ కూరకైనా పనికొచ్చే మాట. ఈనెలు రెండు వైపులా తీయండి, బద్దకించకండి. కాయ విప్పి పురుగుందేమో చూడండి. ముక్కలు కత్తితో కన్నా చేత్తో తుంచితేనే బాగుంటుంది. ఉడికేటప్పుడు మూత పెట్టకపోతే రంగు పచ్చగా నిలుస్తుంది. చింతపండు గానీ టమాటా గానీ ముక్క మెత్తబడ్డాకే వేయాలి. పులుపు ముందే తగిలితే చిక్కుడు ముక్క మొండికేస్తుంది, ఎంతసేపు ఉడికించినా గట్టిగానే ఉంటుంది. చాలామంది కాయ ముదురని కూరగాయలవాణ్ణి తిట్టుకుంటారు గానీ, కారణం ఇదే అయ్యుంటుంది.

ఆవ పెట్టిన కూరకి అరకిలో చిక్కుడుకాయలు తీసుకుని ఉప్పు, పసుపు వేసి ఉడికించి వార్చుకోండి. చెంచాడు ఆవాలు ఓ గంట నానబెట్టి, ఒక ఎండుమిరపకాయ, ఉప్పురవ్వ కలిపి మెత్తగా నూరుకోవాలి. నూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టి, రెండు పచ్చిమిరపకాయలు చీల్చి వేసి, ముక్కలు కలిపి, ఉసిరికాయంత చింతపండు చిక్కగా పిండి పోసి దగ్గర పడనివ్వండి. పొయ్యి ఆర్పి, కూర కాస్త చల్లారాకే ఆవ ముద్ద కలపాలి. మంట మీద కలిపితే చేదెక్కుతుంది. గంట ఆగి వడ్డిస్తే ఆవ ఘాటు ముక్కుకి తగులుతుంది, అదే దాని అందం. కొందరు చిటికెడు బెల్లం వేస్తారు. మా అత్తగారు వినకుండా నేనూ వేస్తాను.

రొయ్యల కూరకి అరకిలో చిక్కుడుకాయలకి రెండు గుప్పిళ్ళ ఎండు రొయ్యలు చాలు. తలలూ తోకలూ తీసి, నూనె లేకుండా దోరగా వేయించి, వేణ్ణీళ్ళలో రెండుమూడుసార్లు కడగాలి. ఇసుక తగిలిందంటే కూరంతా పాడు. రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, రొయ్యలు వేసి కాసేపు వేగనిచ్చి, చిక్కుడు ముక్కలు కలపండి. చెంచాన్నర కారం, ఉప్పు చూసుకుని వేయండి. రొయ్యలోనే ఉప్పుంటుంది, గుర్తుపెట్టుకోండి. ముక్క మునిగీ మునగకుండా నీళ్ళు పోసి ఉడికించి, చివర్లో ఒక టమాటా వేసి ఇగరనివ్వాలి. దీనికి కొత్తిమీర తప్ప మసాలా వద్దు. గరంమసాలా వేస్తే రొయ్య వాసన చచ్చిపోతుంది.

వంకాయ కలిపేవాళ్ళ గురించి ఎక్కువ చెప్పను. లేత వంకాయ దొరికితే బాగానే ఉంటుంది, లేకపోతే పేస్టే.

మన ఒక్కళ్ళ గొడవ కాదు

చిక్కుడు దగ్గర పంతం కృష్ణా గోదావరి వాళ్ళకే అనుకోకండి. చిత్తూరు వైపు ఇదే జాతికి చెందిన అనపకాయ గింజలు నానబెట్టి, పైతోలు పితికి తీసి, పితికిపప్పు చేస్తారు. పండగ రోజుల్లో అది లేకపోతే వాళ్ళకి ముద్ద దిగదు. తెలంగాణలో చిక్కుడుకాయకి టమాటా తోడు, కొన్ని ఇళ్ళలో నువ్వుల పొడీ పడుతుంది. మన కూరకి వాళ్ళు పేరు పెడతారు, వాళ్ళ కూరకి మనం.

ఇంకాస్త దూరం పోదాం. అమెరికాలో నవంబరు నెల నాలుగో గురువారం థాంక్స్ గివింగ్ అని పెద్ద పండగ. ఆ రోజు బల్ల మీద టర్కీ కోడి పక్కన గ్రీన్ బీన్ కాసరోల్ అని ఒక వంటకం ఉంటుంది. 1955లో క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ వంటశాలలో పనిచేసిన డోర్కస్ రైలీ అనే ఆవిడ దాన్ని తయారుచేసింది. బీన్సు, డబ్బాలో వచ్చే పుట్టగొడుగుల సూపు, పాలు, కాస్త సోయా సాసు, మిరియాలు కలిపి, పైన వేయించిన ఉల్లిపాయలు చల్లి ఓవెన్‌లో పెట్టడమే. ఇంట్లో ఎప్పుడూ ఉండే సరుకులతో అయిపోవాలని ఆవిడ లెక్క. 2018లో ఆవిడ పోయేనాటికి ఆ కూర అక్కడి పండగకి ఆనవాయితీ అయి కూచుంది. అక్కడా రెండు పక్షాలే. డబ్బా సూపు పోసిందీ ఒక వంటేనా అని కొందరు, అమ్మ అదే చేసేది, మార్చడానికి వీల్లేదని కొందరు. తాజా బీన్సా, డబ్బా బీన్సా అని కూడా కొట్టుకుంటారట!

మా అక్క కూతురు అక్కడే ఉంటుంది. ఆఫీసు స్నేహితురాలి ఇంటికి పండగ భోజనానికి వెళ్తూ మన అల్లం పచ్చిమిర్చి పోపుతో ఆ బీన్సే కూర చేసి పట్టుకెళ్ళిందట. ఆ ఇంటి పెద్దావిడ రుచి చూసి, "బాగుంది, కానీ ఇది మా కూర కాదు" అందట. పిల్ల ఫోన్లో నొచ్చుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. అచ్చం మా అత్తగారే!

ఇంకో సంగతి. నీళ్ళు ఉప్పెక్కిన ఊళ్ళలో ఉన్నవాళ్ళు పెద్ద కుండీలోనో, పాత సిమెంటు తొట్టిలోనో మంచి మట్టి, పశువుల ఎరువు నింపి, బియ్యం కడిగిన నీళ్ళు పోస్తూ డాబా మీద ఒక పాదు పెంచి చూడండి. బోరు నీళ్ళు మాత్రం తగలనివ్వకండి. పండగ అయిపోయిందని పాదు పీకేయకండి కూడా. రథసప్తమికి చిక్కుడుకాయలకి పుల్లలు గుచ్చి రథం చేయాలి, పరమాన్నం వడ్డించడానికి చిక్కుడాకులు కావాలి. ఆ రోజు ఆకులు వెతుక్కుంటూ ఊరంతా తిరిగే కన్నా మేడ మీద మన ఆకులు మనకుంటే మేలు కదండీ!