పన్నెండు టెస్టులు, ఒక్క రాత్రీ లేదు

రెండు తెలుగు రాష్ట్రాల గడ్డ మీద ఇప్పటిదాకా జరిగిన పురుషుల టెస్టు మ్యాచులు 12. హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో 1955, 1969, 1988లలో 3 జరిగాయి, మూడుసార్లూ ఎదుటి జట్టు న్యూజిలాండే. ఉప్పల్‌లో 2010 నుంచి 2024 దాకా 6, విశాఖపట్నంలో 2016, 2019, 2024లలో 3 జరిగాయి. టెస్టుల్లో భారత బ్యాటరు కొట్టిన తొలి డబుల్ సెంచరీ, పాలీ ఉమ్రీగర్ 223, ఆ మొదటి హైదరాబాద్ టెస్టులోదే. ఇంగ్లండ్ బ్యాటరు ఓలీ పోప్ 196 కొట్టి మన చేతిలోంచి మ్యాచు లాగేసుకున్నది 2024 జనవరిలో ఉప్పల్‌లోనే. ఈ పన్నెండూ పగటి పూటే ఆడారు. 2018లో వెస్టిండీస్ జట్టు వచ్చినప్పుడు ఒక టెస్టు దీపాల కింద ఆడిద్దామన్న మాట లేచింది. రాజ్‌కోట్, హైదరాబాద్ పేర్లు వినిపించాయి. చివరికి రెండూ పగలే జరిగాయి, ఉప్పల్ టెస్టు మూడో రోజుకే ముగిసింది.

టెస్టు రాత్రి ఆడాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు వెతికేవాళ్లు ముందు బంతిని చూస్తారు, పిచ్‌ను చూస్తారు. నేను ముందు గడియారం చూస్తాను. భూపాలపల్లి జిల్లా కాటారంలో కూర్చుని చూసేవాడికి అదే అసలు లెక్క.

మన దేశంలో పగటి టెస్టు మామూలుగా ఉదయం 9.30కు మొదలై సాయంత్రం 4.30కు ముగుస్తుంది. బడి గంట కొట్టేది దాదాపు అప్పుడే, బడి వదిలేదీ దాదాపు అప్పుడే. నవంబరు, డిసెంబరు నెలల్లో పత్తి ఏరబోయిన వాళ్లు పొద్దుగూకేటప్పటికి ఇల్లు చేరతారు. మండలాఫీసులో, బ్యాంకులో, దుకాణంలో పనిచేసేవాళ్లదీ అదే కథ. భూపాలపల్లి గనుల్లో సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు వాళ్లకు మాత్రం పగటి ఆట కొంత అందుతుంది. మిగతా అందరికీ పనిరోజున సాయంత్రం 5 తర్వాత మిగిలే టెస్టు క్రికెట్ సున్నా గంటలు.

ఇప్పుడు రాత్రి టెస్టుల వేళలు చూడండి. 2019 నవంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో బంగ్లాదేశ్‌తో మన దేశపు మొదటి పగలు-రాత్రి టెస్టు జరిగింది. ఆట మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 8 దాకా, అంటే 5 తర్వాత 3 గంటలు. 2022లో బెంగళూరులో 2 నుంచి 9 దాకా, అంటే 4 గంటలు. 2021లో అహ్మదాబాద్‌లో 2.30కు మొదలుపెట్టారు, అక్కడ నాలుగున్నర గంటలు. సున్నా నుంచి నాలుగున్నరకు పెరగడం చిన్న సంగతి కాదు. పదేళ్ల పిల్లవాడు బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచి పక్కనబెట్టి, ఒక బౌలరు ఒకే బ్యాటరు కోసం అరగంటసేపు వల పన్నడం చూడగలుగుతాడు. ఇప్పుడు ఆ వయసు వాళ్లు సాయంత్రం పూట చూస్తున్నది ఐపీఎల్ ఒక్కటే.

ఆస్ట్రేలియాలో జరిగే రాత్రి టెస్టు మాత్రం ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. అడిలైడ్ గడియారం డిసెంబరులో మనకన్నా ఐదు గంటలు ముందుంటుంది. 2020లో, 2024లో అక్కడి టెస్టులు మనకు ఉదయం 9.30కే మొదలయ్యాయి. అక్కడ పొద్దు గూకి దీపాల వెలుగు మిగిలేసరికి మనకు మధ్యాహ్నం మూడున్నర. అదే మెల్‌బోర్న్ పగటి టెస్టయితే మనకు తెల్లవారుజామున 5కు మొదలవుతుంది. పనికి పోయేలోపు ఒక సెషన్ చూడొచ్చు. అడిలైడ్ వాళ్లకు రాత్రి టెస్టు వరమే. 2015లో మొట్టమొదటి పగలు-రాత్రి టెస్టు జరిగినప్పుడు మూడు రోజుల్లో 1,23,736 మంది వచ్చారు. ఆ వరం ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరికే దక్కుతుంది. అందుకే ఉప్పల్ గురించి, విశాఖ గురించి మాట్లాడాల్సి వస్తోంది.

25లో 14

వద్దనేవాళ్ల చేతిలోనూ బలమైన అంకె ఉంది. భారత పురుషుల జట్టు ఆడిన పగలు-రాత్రి టెస్టులు 5. ఈడెన్‌లో మూడో రోజు ఆట మొదలైన గంటలోపే అయిపోయింది. 2020 అడిలైడ్ మూడో రోజుకు, అహ్మదాబాద్ రెండో రోజుకు, బెంగళూరు మూడో రోజుకు, 2024 అడిలైడ్ మూడో రోజుకు ముగిశాయి. మొత్తం 25 రోజులకు గాను ఆట జరిగింది 14 రోజులు. ఒక్కటీ నాలుగో రోజు చూడలేదు. ఉప్పల్‌లో పగలు జరిగిన ఆరు టెస్టులు తీసుకుంటే 30 రోజులకు గాను 25 రోజులు ఆట సాగింది.

ఈడెన్ లెక్క ఇంకా బాధ పెడుతుంది. ఐదు రోజులకూ కలిపి సాయంత్రం 5 తర్వాత 15 గంటల ఆట ఉండాలి. పని ముగించుకుని వచ్చినవాడికి దొరికింది 6 గంటలే, ఆట మొదటి రెండు సాయంత్రాలతోనే సరి. అహ్మదాబాద్‌లో మ్యాచు మొత్తం 842 బంతులు. రోజుకు 90 ఓవర్లంటే 540 బంతులు కాబట్టి రెండు రోజుల ఆట కూడా నిండలేదు. ఇలా రెండు మూడు రోజుల్లో అయిపోతున్నందుకే జనంలో ఆసక్తి నిలవడం లేదని అప్పటి బోర్డు కార్యదర్శి జై షా 2023 చివర్లో అన్నారు. 2022 మార్చి తర్వాత మన దేశంలో పురుషుల రాత్రి టెస్టు మళ్లీ జరగలేదు.

కానీ నేరం దీపాలదేనా? 2020 డిసెంబరు 19న అడిలైడ్‌లో మన జట్టు 36 పరుగులకు కూలింది. మన టెస్టు చరిత్రలో అంతకన్నా తక్కువ స్కోరు లేదు. ఆ వికెట్లలో రాత్రి పడింది ఒక్కటే. మిగతావన్నీ మూడో రోజు తొలి సెషన్‌లో, ఎండ వెలుగులో పడ్డాయి. హేజిల్‌వుడ్ 8 పరుగులిచ్చి 5 వికెట్లు, కమిన్స్ 21 ఇచ్చి 4 తీసుకున్నారు. 2018 మార్చిలో ఆక్లాండ్‌లో ఇంగ్లండ్ 58కి ఆలౌటైందీ మొదటి రోజు తొలి సెషన్‌లోనే. అహ్మదాబాద్‌లో పడిన 30 వికెట్లలో 28 స్పిన్నర్లవి. అది స్పిన్ పిచ్ కథ, అక్షర్ పటేల్ 11 వికెట్ల కథ. బెంగళూరు పిచ్‌కు ఐసీసీ ‘సగటు కన్నా తక్కువ’ అని మార్కు వేసింది. వీటన్నిటినీ రాత్రి ఖాతాలో రాయడం న్యాయం కాదు.

అటు చివర ఉన్న స్కోర్లూ చూడాలి. 2016లో దుబాయ్‌లో అజహర్ అలీ 302 నాటౌట్. 2019లో అడిలైడ్‌లో వార్నర్ 335 నాటౌట్. రెండూ గులాబీ బంతితో ఆడిన పగలు-రాత్రి టెస్టులే. 2021లో గోల్డ్‌కోస్ట్‌లో మన మహిళల జట్టు ఆడిన టెస్టు నాలుగు రోజులూ సాగి డ్రా అయింది. స్మృతి మంధాన 127 చేసింది, జట్టు 8 వికెట్లకు 377 దగ్గర డిక్లేర్ చేసింది. ఆ జట్టు కెప్టెన్ మన హైదరాబాద్ మిథాలీ రాజ్.

బంతి, మంచు

ఎర్ర బంతి దీపాల కింద మట్టిరంగులో కలిసిపోతుంది, బ్యాటరుకు ఆనదు. తెల్ల బంతి 80 ఓవర్లు నిలవదు, పైగా తెల్ల దుస్తుల మీద కనపడదు. 1997లో గ్వాలియర్‌లో ముంబై, ఢిల్లీ జట్ల రంజీ ఫైనల్‌ను దీపాల కింద తెల్ల బంతితో ఆడించారు, బంతులు మాటిమాటికీ మార్చాల్సి వచ్చింది. అందుకే గులాబీ. ఎర్ర బంతికి రంగు తోలులోకి ఇంకుతుంది. గులాబీ బంతికి రంగు పైన పూతగా ఉంటుంది, దాని మీద మెరుగు పూత ఇంకాస్త మందంగా వేస్తారు. ఆ మెరుపు పోకుండా పిచ్ మీద గడ్డి కాస్త ఎక్కువ వదులుతారు. ఈ రెండిటి వల్ల కొత్త బంతి ఎక్కువ స్వింగ్ అవుతుంది. పొద్దుగూకే వేళ వెలుగు మారుతుంటే బ్యాటరు కళ్లకు కష్టం తోడవుతుంది.

ఇక మంచు గురించి మన వడ్ల రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పగలంతా రోడ్డు మీదో కల్లంలోనో ఆరబోసిన వడ్లను పొద్దుగూకగానే కుప్పచేసి టార్పాలిన్ కప్పుతాడు. ఆలస్యమైతే తేమ శాతం పెరిగి కొనుగోలు కేంద్రంలో తిప్పి పంపుతారు. బంతికి జరిగేదీ అదే. అవుట్‌ఫీల్డ్ తడిస్తే బంతి తడుస్తుంది, కుట్టు ఉబ్బుతుంది, స్పిన్నరు వేళ్లలోంచి జారిపోతుంది. ఈడెన్‌లో ఆటను 8కే ముగించింది ఈ భయంతోనే. నవంబరు చివర్లో కలకత్తాలో పొద్దు 5 లోపే గూకుతుంది, అంటే 3 గంటలకు పైగా దీపాల ఆట. అదే రోజు హైదరాబాద్‌లో 5.40 దాకా వెలుగుంటుంది. అదే వేళలకు ఆడితే మనకు రాత్రి ఆట దాదాపు 50 నిమిషాలు తగ్గుతుంది. ఫిబ్రవరి చివరికి పొద్దు 6.20 దాకా నిలుస్తుంది, మంచూ పలచబడుతుంది. నన్నడిగితే ఉప్పల్‌కు తగిన నెల ఫిబ్రవరి.

మన వాళ్లు ఈ బంతితో ఆడలేనివాళ్లేమీ కాదు. కాకినాడ కుర్రాడు హనుమ విహారి 36 ఆలౌట్‌లో 8 పరుగులు చేశాడు. మయాంక్ చేసిన 9 తర్వాత ఆ ఇన్నింగ్స్‌లో అదే పెద్ద స్కోరు. బెంగళూరులో అతడే 31, 35 చేశాడు. ఆ 36 రోజునే కమిన్స్ బంతి తగిలి షమీ చేయి విరిగింది. వారం తర్వాత మెల్‌బోర్న్‌లో అతడి చోట టెస్టు టోపీ పెట్టుకున్నది మన హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు మహ్మద్ సిరాజ్. 2024 అడిలైడ్‌లో అదే సిరాజ్ 98 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. ఆ మ్యాచులో మన జట్టు 180, 175కే కుప్పకూలినా రెండు ఇన్నింగ్స్‌లోనూ అత్యధిక స్కోరు ఒకడిదే: విశాఖపట్నం నితీశ్ కుమార్ రెడ్డి, 42, 42. అప్పటికి అతడు ఆడుతున్నది రెండో టెస్టే. అతడు ఆ బంతిని సొంతూరి గ్రౌండులో, సొంత జనం ముందు, రాత్రి ఏడున్నరకు ఎదుర్కొంటుంటే చూడాలని నాకు గట్టిగా ఉంది.

కాబట్టి నా మాట ఇది. ప్రతి టెస్టూ రాత్రికి మార్చొద్దు. స్పిన్, పాత బంతి రివర్స్ స్వింగ్, నాలుగో రోజు పగుళ్లు, ఇవి మన టెస్టు క్రికెట్ ప్రాణం. అది పగటి ఎర్ర బంతితోనే బతుకుతుంది. సీజనుకు ఒక్కటి మాత్రం రాత్రి ఆడాలి. దానికి ముందు ఒకటి రెండు రంజీ మ్యాచులు అదే గ్రౌండులో గులాబీ బంతితో జరగాలి. 2016లో దులీప్ ట్రోఫీని గ్రేటర్ నోయిడాలో అలా ఆడించారు. ఉప్పల్‌లో ఎంత గడ్డి ఉంచాలో, మంచు ఎన్నింటికి దిగుతుందో క్యూరేటరుకు లెక్క చిక్కేది అలాగే.

ఇంకో సంగతి, దూరం నుంచి వచ్చేవాళ్ల గురించి. ఉప్పల్ వరంగల్ దారిలోనే ఉంది, కానీ కాటారం నుంచి బస్సులో ఐదారు గంటలు. పగటి టెస్టు మొదటి బంతి చూడాలంటే తెల్లవారుజామున మూడింటికే కదలాలి, అయితే రాత్రి పదికి ఇల్లు చేరొచ్చు. మధ్యాహ్నం 1.30కు మొదలయ్యే ఆటకు పొద్దున్నే అన్నం తిని బయల్దేరొచ్చు, కానీ 8.30కు ముగిస్తే ఇల్లు చేరేసరికి రెండు దాటుతుంది. ఒక రాత్రి పట్నంలో చుట్టాలింట్లో ఆగాల్సిందే. ఆట మూడు రోజులు దాటుతుందన్న నమ్మకం లేదని 14 రోజుల లెక్క చెబుతోంది కదా. మన ఐదు రాత్రి టెస్టుల్లో 2019 ఈడెన్‌దీ, 2024 అడిలైడ్‌దీ శుక్రవారం మొదలయ్యాయి, అహ్మదాబాద్‌ది బుధవారం మొదలై గురువారమే ముగిసింది. ఉప్పల్‌కు ఆ టెస్టు వచ్చేటప్పుడు శుక్రవారమే మొదలవ్వాలి, వీలైతే రెండో శనివారానికి ముందు వచ్చే శుక్రవారం.